రాళ్ళను తిని బతికే సూక్ష్మజీవుల్లో తొలి జీవానికి నిజంగా దగ్గరివి ఏవి?

సందేశం 1 · నల్లబల్ల

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మొన్న ఆహారపు గొలుసుల పాఠంలో, ప్రతి గొలుసూ సూర్యరశ్మితోనే మొదలవుతుందని బల్ల మీద రాస్తూ ఉండగా ఒక విద్యార్థిని లేచి, "మొక్కలే లేని రోజుల్లో జీవులు ఏం తిని బతికాయి?" అని అడిగింది. రాళ్ళలోని ఖనిజాలను తిని బతికే సూక్ష్మజీవులు ఇప్పటికీ ఉన్నాయనీ, సముద్రపు అడుగున మరిగే బుగ్గల దగ్గరా, గనుల లోతుల్లోనూ, ఆమ్లంలాంటి నీటిలోనూ అవి కనిపిస్తాయనీ, భూమి మీద తొలి జీవులు కూడా అలాంటివే అయి ఉంటాయనీ చెప్పాను. ఆ అమ్మాయి తృప్తిపడి కూర్చుంది గానీ, ఇంటికి వచ్చాక ఆ జవాబు నన్నే నిలదీసింది. రాయిని తినడమంటే అసలు ఏమిటి? ఇప్పుడు బతికి ఉన్న జీవులను చూసి, నాలుగు వందల కోట్ల సంవత్సరాల కిందటి జీవాన్ని గురించి మాట్లాడడం ఎంతవరకు న్యాయం?

ఇంకొక చిన్న సంగతి. నేను రోజూ నడిచే దారి పక్కన ఒక ఊట ఉంది. దాని అంచున నారింజ రంగు మడ్డి పేరుకుని ఉంటుంది, నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతూ ఉంటుంది. ఎవరో నూనె పారబోశారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఇనుమును తినే బాక్టీరియా పని అని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సందేశం 2 · తుప్పుగీత

నల్లబల్ల గారూ, ముందు మీ ఊట సంగతి చూద్దాం. మీ పెద్ద ప్రశ్నకు దారి అక్కడి నుంచే ఉంది.

ఒక పుల్ల తీసుకుని ఆ రంగుల పొరను మెల్లగా కదిపి చూడండి. నూనె అయితే సుడి తిరిగి, పుల్ల తీయగానే మళ్ళీ ఒక్కటైపోతుంది. బాక్టీరియా పేర్చిన ఇనుప పొర అయితే పల్చని గాజు పలకలాగా పగిలి, కోసు అంచులున్న ముక్కలుగా విడిపోతుంది, ఆ ముక్కలు మళ్ళీ అతుక్కోవు. తర్వాత ఆ మడ్డిని చిటికెడు తీసి, నీటి చుక్కలో కలిపి, సూక్ష్మదర్శిని కింద నాలుగు వందల రెట్లు పెంచి చూడండి. మెలితిప్పిన రిబ్బనులాంటి సన్నని పోగులు కనబడితే అది గాలియొనెల్లా అనే బాక్టీరియా పని. చిక్కుడుగింజ ఆకారంలో ఉండే ఆ కణం తన ఒక పక్క నుంచి తుప్పును నూలు పోగుల్లా వదులుతూ, తాను తిరుగుతూ ముందుకు పోతుంది. అది తిరిగిన కొద్దీ పోగులు మెలిపడి తాడు తయారవుతుంది. తుప్పును తన ఒంటి మీద పేరుకోనివ్వకుండా వెనక్కి నెట్టేసే పద్ధతి అది.

ఇక తినడం గురించి. ఆ కణం ఇనుమును మింగదు, నమలదు. నీటిలో కరిగి ఉన్న ఇనుము అప్పటికే రెండు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని ఉంటుంది. కణం దాని నుంచి మూడవ ఎలక్ట్రాన్‌ను కూడా లాక్కుంటుంది, మిగిలినది కరగని తుప్పుగా బయటే ఉండిపోతుంది. లాక్కున్న ఎలక్ట్రాన్ ఆక్సిజన్ వైపు దిగుతుంది. పల్లానికి పారే నీటికి అడ్డంగా చక్రం పెట్టి పని చేయించుకున్నట్టు, ఆ దిగుదలలో విడుదలయ్యే శక్తిని కణం పట్టుకుంటుంది. మనం అన్నం తిన్నప్పుడు జరిగేది కూడా ఇదే: అన్నంలోని ఎలక్ట్రాన్లు మనం పీల్చిన ఆక్సిజన్ దగ్గరకు చేరతాయి. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదొక్కటే తేడా.

సందేశం 3 · లోతుబావి

తుప్పుగీత గారు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. ఒక మోల్ గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా మండిస్తే సుమారు 2,870 కిలోజౌళ్ళ శక్తి వస్తుంది. ఆమ్లపు నీటిలో ఒక మోల్ ఇనుమును ఆక్సీకరిస్తే, అంటే దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తే, వచ్చేది దాదాపు 30 కిలోజౌళ్ళు మాత్రమే. అంటే ఈ జీవులది రెక్కాడితే గాని డొక్కాడని బతుకు. పైగా కార్బన్ డయాక్సైడ్ నుంచి తమ శరీరాన్ని కట్టుకోవాలంటే, పల్లంలో ఉన్న ఆ ఎలక్ట్రాన్లలో కొన్నింటిని మళ్ళీ ఎత్తుకు ఎక్కించుకోవాలి, దానికీ శక్తి ఖర్చవుతుంది. అందుకే చిటికెడు కణాలు తయారు కావడానికి గుట్టలకొద్దీ తుప్పు పోగుపడుతుంది. ఊట అంచున మీకు కనబడే మడ్డిలో అధిక భాగం ప్రాణులు కావు, వాటి పనికి మిగిలిన పిప్పి.

ఈ బతుకుతెరువును మొదట గుర్తించినవాడు రష్యా శాస్త్రవేత్త సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ. ఆయన 1887లో స్ట్రాస్‌బుర్గ్‌లో బెగ్గియటోవా అనే గంధకపు బాక్టీరియాను సూక్ష్మదర్శిని కింద పెంచుతూ, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన నీరు అందిస్తే వాటి పోగుల్లో గంధకపు బొట్లు నిండడమూ, అది అందకపోతే ఆ బొట్లు కరిగిపోవడమూ గమనించాడు. మనం కొవ్వును దాచుకున్నట్టు అవి గంధకాన్ని దాచుకుని, అవసరానికి వాడుకుంటున్నాయి. జీవానికి కావలసిన శక్తి కాంతి నుంచో, ఇతర జీవుల నుంచో మాత్రమే రావాలన్న నమ్మకం అక్కడ సడలింది.

సందేశం 4 · ఆమ్లధార

నేను గని నీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను కాబట్టి ఈ జీవులతోనే నా రోజు గడుస్తుంది. పాడుబడిన గని నుంచి వచ్చే నీరు సీసాలో పట్టి వెలుతురుకు ఎదురుగా పెడితే ముదురు ఎరుపులో మెరుస్తుంది. ఆ నీరు పడిన నూలు గుడ్డ ఆరాక వేలితో తోస్తే చిరిగిపోతుంది.

పైరైట్ అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. దానికి గాలీ నీరూ తగిలినప్పుడు ఆమ్లం పుడుతుంది గానీ, ఆమ్లపు నీటిలో ఇనుము తనంతట తాను ఆక్సీకరణం చెందడం చాలా నెమ్మది. ఆసిడీథియోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ వంటి బాక్టీరియా ఉంటే ఆ వేగం పది లక్షల రెట్లు పెరుగుతుందని 1970లోనే తేలింది. అవి తయారుచేసిన ఆక్సీకృత ఇనుము వెళ్ళి పైరైట్‌ను మరింత కొరుకుతుంది, కరిగిన ఇనుము మళ్ళీ వాటికి ఆహారమవుతుంది. ఈ వలయం ఒకసారి మొదలైతే ఆగదు. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో నీటి పీహెచ్ మైనస్ 3.6 వరకు దిగినట్టు కొలిచారు. పీహెచ్ ఎంత తగ్గితే ఆమ్లం అంత ఘాటన్నమాట. అదే గనిలో పీహెచ్ సున్నా దగ్గర పెరిగే ఫెర్రోప్లాస్మా అనే ఆర్కియాను (బాక్టీరియాలాగే కనిపించినా వేరే వంశానికి చెందిన సూక్ష్మజీవిని) 2000 సంవత్సరంలో వర్ణించారు, దానికి కణ కవచం కూడా లేదు. స్పెయిన్‌లోని రియో టింటో నదిలో పీహెచ్ రెండుకు కాస్త పైన ఉంటుంది, నది పొడవునా ఎర్రని నీరే.

ఇంతటి కఠిన పరిస్థితుల్లో, సూర్యుడి అవసరం లేకుండా, కేవలం రాయి మీద బతికే జీవులు తొలి భూమి నుంచి మిగిలినవి కాక మరేమిటి? నల్లబల్ల గారు తరగతిలో చెప్పిన జవాబు సరైనదేనని నా అభిప్రాయం.

సందేశం 5 · ఆదిశిల

ఆమ్లధార గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది గానీ, ఆ చివరి వాక్యంతో ఏకీభవించలేను. రాళ్ళను తినే జీవులన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ విషయంలో గందరగోళం పుడుతోంది.

ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి వస్తోందని మాత్రమే కాదు, ఎక్కడికి పోతోందని కూడా అడగాలి. మీ గనిలోని బాక్టీరియా ఇనుము నుంచి లాక్కున్న ఎలక్ట్రాన్‌ను దేనికి ఇస్తోంది? ఆక్సిజన్‌కు. ఆ ఆక్సిజన్ ఎక్కడిది? కిరణజన్య సంయోగక్రియ వదిలినది. అంటే సూర్యుడి ముఖం ఎన్నడూ చూడని ఆ బాక్టీరియా కూడా పైన మొక్కలూ, శైవలాలూ, సయనోబాక్టీరియా చేసిన పని మీదే ఆధారపడి బతుకుతోంది. పైరైట్ ఎంత పాతదైనా ఆ భోజనంలో సగం కొత్తదే.

1977లో ఆల్విన్ అనే జలాంతర వాహనంలో గలాపగోస్ చీలిక దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగినవారు చూసిన వేడి బుగ్గల లోకానిదీ ఇదే కథ. అక్కడి గొట్టపు పురుగులకు నోరూ లేదు, పేగూ లేదు. వాటి లోపల కాపురముండే గంధకపు బాక్టీరియాయే వాటిని పోషిస్తుందని 1981లో కొలీన్ కావనా చూపించింది. సూర్యుడితో సంబంధం లేని లోకమని దాన్ని ఎంతోమంది రాశారు. అయితే ఆ పురుగు ఎర్రని కుచ్చు అంత ఎర్రగా ఉండడానికి కారణం రక్తంలోని హిమోగ్లోబిన్, అది ఒక వైపు హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ మరో వైపు ఆక్సిజన్‌నూ మోసుకుపోయి లోపలి బాక్టీరియాకు అందిస్తుంది. ఆ ఆక్సిజన్ పై నీటి నుంచి సముద్ర ప్రవాహాలతో దిగివచ్చినదే. రేపు కిరణజన్య సంయోగక్రియ శాశ్వతంగా ఆగిపోతే, ఆక్సిజన్ తరిగిపోయే కొద్దీ ఆ పురుగులూ అంతరిస్తాయి.

కాబట్టి కఠినమైన చోట బతకడం వేరు, పురాతనమైన పద్ధతిలో బతకడం వేరు.

సందేశం 6 · నల్లబల్ల

ఆదిశిల గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. చీకట్లో బతుకుతోందంటే సూర్యుడితో పని లేదనే అనుకున్నాను. అయితే మరో సందేహం. తొలి భూమి మీద ఆక్సిజన్ లేదని అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారు? ఆనాటి గాలిని ఎవరూ సీసాలో పట్టి ఉంచలేదు కదా.

సందేశం 7 · ఆదిశిల

గాలిని పట్టి ఉంచలేదు గానీ, ఆ గాలి తగిలిన గులకరాళ్ళు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు నిక్షేపాలు దాదాపు 280 నుంచి 290 కోట్ల సంవత్సరాల కిందటి నదులు పరిచిన కంకర. ఆ కంకరలో పైరైట్ గింజలూ, యురేనినైట్ అనే యురేనియం ఖనిజపు గింజలూ ఉన్నాయి. చేతిలో పెట్టుకుని భూతద్దంతో చూస్తే, వాటిలో కొన్ని పూసల్లా గుండ్రంగా అరిగి కనిపిస్తాయి. నది దొర్లించుకుపోతే తప్ప అలా అరగవు. ఇవాళ ఏ నదిలోనైనా పైరైట్ అంత దూరం ప్రయాణిస్తే తుప్పుపట్టి కరిగిపోతుంది, యురేనినైట్ పరిస్థితీ అంతే. అవి గాలి తగిలే నీటిలో దొర్లి దొర్లి కూడా చెక్కుచెదరలేదంటే ఆ గాలిలో చెప్పుకోదగిన ఆక్సిజన్ లేదన్నమాట.

రెండవ సాక్ష్యం గంధకపు ఐసోటోపులది, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న గంధకపు పరమాణువులది. ఆక్సిజనూ దానితో వచ్చే ఓజోనూ లేని గాలిలో, అతినీలలోహిత కిరణాలు సల్ఫర్ డయాక్సైడ్‌ను విడగొట్టినప్పుడు గంధకపు ఐసోటోపుల పాళ్ళు ఒక విచిత్రమైన తీరులో మారతాయి. ఆ గుర్తు పాత రాళ్ళలో స్పష్టంగా ఉంటుంది, సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట మాయమవుతుంది. దీన్ని 2000 సంవత్సరంలో ఫార్కర్ బృందం బయటపెట్టింది. అంతకు ముందే అక్కడక్కడా కాస్త ఆక్సిజన్ పుట్టి ఉండవచ్చునన్న వాదం ఉన్నా, గాలిలో అది నిలదొక్కుకున్నది ఆ తర్వాతే.

సందేశం 8 · ఆమ్లధార

ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా నా సీసాల్లో ఉన్నది ఆదిమ లోకమని అనుకున్నాను, నిజానికి అది ఆక్సిజన్ వచ్చాక తెరుచుకున్న లోకం. కాగా ఒక ప్రశ్న మిగిలింది. పట్టీల ఇనుప శిలలు దాదాపు 380 కోట్ల సంవత్సరాల నుంచి 180 కోట్ల సంవత్సరాల మధ్యవి. ఎరుపు పొర, బూడిద పొర, మళ్ళీ ఎరుపు పొర, ఇలా వందల మీటర్ల మందాన తుప్పు పేరుకుంది. ఆక్సిజన్ లేకపోతే ఆ తొలినాటి ఇనుము ఎలా తుప్పుపట్టింది?

సందేశం 9 · తుప్పుగీత

దానికి జీవులే జవాబు అయి ఉండవచ్చు, ఆమ్లధార గారూ. 1993లో జర్మనీలో విడెల్ బృందం ఊదా రంగు బాక్టీరియాలో ఒక కొత్త రకాన్ని వర్ణించింది. అవి కాంతి సాయంతో, ఆక్సిజన్ ప్రమేయం ఏమాత్రం లేకుండా, కరిగిన ఇనుము నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌తో తమ శరీరాన్ని కట్టుకుంటాయి, తుప్పును వదిలేస్తాయి. ఆక్సిజన్ లేని సముద్రంలో ఇనుము విస్తారంగా కరిగి ఉండేది కాబట్టి, తొలినాటి ఇనుప శిలల్లో కొంత భాగమైనా ఇటువంటి జీవుల చలవేనన్న వాదం బలంగా ఉంది.

ఆ తుప్పు సముద్రపు అడుగుకు చేరాక మరో జట్టు ఎదురుచూస్తూ ఉంటుంది. 1987లో పొటోమాక్ నది బురదలో దొరికిన జియోబాక్టర్ ఇందుకు ఉదాహరణ. దీనికి తుప్పే ఆక్సిజన్‌లా పనికివస్తుంది, అంటే తాను తిన్నదాని ఎలక్ట్రాన్లను తుప్పుకు అప్పజెప్పి ఊపిరి తీసుకుంటుంది. ఘనపదార్థమైన తుప్పును కణంలోకి తెచ్చుకోలేదు కాబట్టి, ఎలక్ట్రాన్లే గోడ దాటి బయటికి నడిచేలా ప్రోటీన్ తీగలు పరుచుకుంటుంది.

ఇంకా ఎన్ని రకాలు మన కంటపడకుండా ఉన్నాయో అన్నదానికి ఒక ముచ్చట. మాంగనీసును ఆక్సీకరించి దానితోనే బతికే బాక్టీరియా ఉండాలని నూరేళ్ళకు పైగా ఊహిస్తూ వచ్చారు గానీ దొరకలేదు. కాల్టెక్‌లో జారెడ్ లెడ్‌బెటర్ మాంగనీసు కార్బొనేట్ అంటిన గాజు సీసాను కుళాయి నీటితో నింపి, తొట్టిలో వదిలి, కొన్ని నెలలు వేరేచోటికి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చి చూస్తే సీసా లోపల నల్లని పూత. ఆ పూత పూసిన బాక్టీరియాను వర్ణిస్తూ ఆయనా హాంగ్ యూ కలిసి 2020లో పత్రం ప్రచురించారు. దానికీ ఆక్సిజన్ కావాలి కాబట్టి అది తొలి జీవానికి నమూనా కాదు. అయినా కుళాయి నీటిలో ఉన్నదే ఇంతకాలం దొరకలేదన్న సంగతి నాకు పదే పదే గుర్తుకొస్తూ ఉంటుంది.

సందేశం 10 · లోతుబావి

ఇప్పుడు అసలు జాబితాకు వద్దాం. కాంతి వద్దు, ఆక్సిజన్ వద్దు, మరో జీవి మిగిల్చినది కూడా వద్దు అంటే, మిగిలేది ముఖ్యంగా హైడ్రోజన్. ఆ హైడ్రోజన్‌ను రాళ్ళే తయారుచేస్తాయి, రెండు విధాలుగా.

మొదటిది రేడియోధార్మికత. విట్‌వాటర్స్‌రాండ్ ప్రాంతంలోనే ఉన్న పొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న పగుళ్ళ నీటిలో, ఒకే ఒక్క జాతి బాక్టీరియా దొరికింది. ఆ నీటిలోని జన్యు పదార్థంలో 99.9 శాతానికి పైగా దానిదే. 2008లో దాని జన్యుక్రమాన్ని ప్రచురిస్తూ డీసల్ఫోరుడిస్ ఆడాక్స్‌వియేటర్ అని పేరు పెట్టారు, రెండవ మాటకు లాటిన్‌లో సాహసయాత్రికుడు అని అర్థం. యురేనియం వంటి మూలకాల కిరణాలు నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను ఇస్తాయి. అవే కిరణాలు పుట్టించే ఆక్సీకారకాలు పైరైట్‌ను సల్ఫేట్‌గా మారుస్తాయి. ఆ హైడ్రోజన్ ఎలక్ట్రాన్లను సల్ఫేట్‌కు ఇచ్చి ఈ బాక్టీరియా బతుకుతుంది, నత్రజనినీ కార్బన్‌నూ కూడా తానే కూర్చుకుంటుంది. ఆదిశిల గారు ఆక్సిజన్ లేదనడానికి ఏ ప్రాంతపు యురేనియం గింజలను సాక్ష్యంగా చూపారో, అదే ప్రాంతపు యురేనియం ఇవాళ ఆక్సిజన్ అక్కరలేని ఒక జీవికి కూడు పెడుతోంది.

రెండవది సర్పెంటినీకరణం. భూమి లోపలి పొర నుంచి వచ్చిన ఆలివీన్ అనే ఆకుపచ్చని ఖనిజానికి నీరు తగిలితే, ఆలివీన్‌లోని ఇనుము ఆక్సీకరణం చెంది మాగ్నటైట్‌గా మారుతుంది, నీటి నుంచి హైడ్రోజన్ విడుదలవుతుంది. 2000 డిసెంబరులో అట్లాంటిక్ సముద్రంలో కనుగొన్న లాస్ట్ సిటీ బుగ్గలు ఇలా పుట్టినవే. 350 డిగ్రీలు దాటే నల్లపొగ బుగ్గల్లా కాకుండా ఇక్కడి నీరు 40 నుంచి 90 డిగ్రీల వేడిలో ఉంటుంది, పీహెచ్ 9 నుంచి 11. తెల్లని కార్బొనేట్ గోపురాలు 60 మీటర్ల ఎత్తు వరకు లేచాయి, కనీసం 30,000 సంవత్సరాలుగా అక్కడ బుగ్గలు పారుతూనే ఉన్నాయి. వాటి సందుల్లో హైడ్రోజన్‌తో సంబంధమున్న మీథేన్ ఆర్కియా కాపురముంటోంది. హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి మీథేన్ తయారుచేసే ఆర్కియాలోనే, హిందూ మహాసముద్రపు బుగ్గల నుంచి తెచ్చిన మెథనోపైరస్ రకం ఒకటి అధిక పీడనంలో 122 డిగ్రీల దగ్గర కూడా పెరిగిందని 2008లో చూపారు.

ఈ క్షార బుగ్గల్లోనే జీవం మొదలైందన్న ఊహను మైకేల్ రస్సెల్ ముందుకు తెచ్చాడు. బుగ్గ నీరు క్షారం, ఆనాటి సముద్రం అంతకంటే ఆమ్లం, మధ్యలో సందులున్న పల్చని ఖనిజపు గోడ. ప్రోటాన్లు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు ప్రవహిస్తూ శక్తినిస్తాయి. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించి, 1978లో నోబెల్ బహుమతి పొందిన సూత్రం ప్రకారం ఇవాళ్టి కణాలు దాదాపు అన్నీ శక్తిని ఇలాగే పట్టుకుంటాయి. కణం ఎంతో కష్టపడి నిలబెట్టుకునే ఆ తేడా అక్కడ ఊరికే దొరుకుతుంది.

సందేశం 11 · ఎండమడుగు

లోతుబావి గారి వివరణ అందంగా ఉంది, అయితే ఆ చివరి మెట్టు దగ్గర నన్ను ఆగనివ్వండి. జీవం ఎలా బతికిందన్నది ఒక ప్రశ్న, ఎలా పుట్టిందన్నది మరొక ప్రశ్న. నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి నాకు మొదట కనిపించేది నీటి సమస్య. చిన్న అణువులను గొలుసుగా కూర్చాలంటే ప్రతి కొక్కెం దగ్గరా ఒక నీటి అణువును బయటికి పంపాలి, చుట్టూ సముద్రమే ఉంటే ఆ పని ఎదురీతే. మడుగు ఎండినప్పుడు గొలుసు పడుతుంది, తడిసినప్పుడు కొత్త సరుకు వచ్చి చేరుతుంది. నేల మీది వేడి మడుగుల్లో ఇది రోజూ జరిగే పని. 2009లో సదర్లాండ్ బృందం, జన్యు సమాచారాన్ని మోసే ఆర్ఎన్ఏ అణువులోని రెండు అక్షరాలను సులభమైన పదార్థాల నుంచి తయారుచేసినప్పుడు ఒక మెట్టులో అతినీలలోహిత కాంతి పాత్ర ఉంది, సముద్రపు అడుగుకు ఆ కాంతి చేరదు.

శిలల్లోనూ ఆధారముంది. ఆస్ట్రేలియాలోని పిల్‌బరాలో 348 కోట్ల సంవత్సరాల నాటి డ్రెస్సర్ శిలల్లో, నేల మీది వేడి బుగ్గల దగ్గర మాత్రమే ఏర్పడే గైజరైట్‌ను, జీవపు ఆనవాళ్ళతో కలిపి, 2017లో గుర్తించారు. అంత తొలినాటికే జీవం నేల మీది బుగ్గల్లో ఉంది.

సందేశం 12 · తుప్పుగీత

ఎండమడుగు గారూ, ఆ రెండు ప్రశ్నలను విడదీసినందుకు కృతజ్ఞతలు. ఆ గీత గీసుకున్నాక కూడా బతుకుతెరువు గురించి మనకు ఒక సాక్షి ఉంది, మన శరీరమే. ఊపిరి తీసుకునే ప్రతి క్షణం మన మైటోకాండ్రియాలోని మొదటి ప్రోటీన్ సముదాయంలో ఎలక్ట్రాన్లు ఏడు ఇనుము-గంధకపు గుచ్ఛాలను వరుసగా దాటుకుంటూ నడుస్తాయి. ప్రోటీన్ అంతా అల్లిక, పని జరిగేది ఆ చిన్న ఖనిజపు ముక్క దగ్గర. 1988లో గుంటర్ వాఖ్టర్స్‌హాయిజర్ జీవం ఇనుము-గంధకపు ఖనిజాల ఉపరితలం మీద మొదలైందని ప్రతిపాదించినప్పుడు దానికి బలమిచ్చినది ఈ పోలికే.

ఇవాళ్టి జీవులన్నింటికీ ఉమ్మడి పూర్వికుడి విషయంలోనూ సూచన అటే ఉంది. 2016లో విలియం మార్టిన్ బృందం ఆ పూర్వికుడివిగా 355 ప్రోటీన్ కుటుంబాలను గుర్తించి, అది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లతో, ఆక్సిజన్ లేని వేడి చోట బతికిందని వాదించింది. 2024లో మరో బృందం దాని వయసును దాదాపు 420 కోట్ల సంవత్సరాలుగానూ, దాని ప్రోటీన్లను సుమారు 2,600గానూ లెక్కకట్టింది. అన్ని ప్రోటీన్లున్నది తొలి జీవి కాదు. దాని వెనుక అప్పటికే ఎంతో చరిత్ర నడిచి ఉండాలి.

సందేశం 13 · ఆదిశిల

నల్లబల్ల గారు తరగతిలో 'తొలి శిలాజం' అనే మాట వాడవలసి వస్తే జాగ్రత్తగా వాడమని కోరుతున్నాను, ఎందుకంటే ఈ రంగంలో ప్రతి పెద్ద ప్రకటన వెనుకా ఒక పెద్ద అభ్యంతరం నడిచింది.

1993లో విలియం షాఫ్ పిల్‌బరాలోని దాదాపు 346 కోట్ల సంవత్సరాల చెకుముకి రాతిలో బాక్టీరియా పోగులను వర్ణించాడు. 2002లో మార్టిన్ బ్రేజియర్ ఆ నమూనాలనే తిరిగి చూసి, అవి వేడినీటి సిరల్లో జీవం ప్రమేయం లేకుండా ఏర్పడిన ఆకారాలని వాదించాడు. 2016లో గ్రీన్‌లాండ్‌లోని ఇసువా దగ్గర 370 కోట్ల సంవత్సరాల స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన రాతి గట్లు, దొరికాయన్నారు. 2018లో మరో బృందం వాటిని మూడు కోణాల్లో పరిశీలించి, అవి ఒత్తిడికి నలిగి మడతపడిన పొరల గట్లన్నది. తేలికపాటి కార్బన్ ఐసోటోపును ఆధారంగా చూపే రాళ్ళ దగ్గరా చిక్కే: జీవులు ఆ తేలిక కార్బన్‌ను ఇష్టపడతాయన్నది నిజమే గానీ, సర్పెంటినీకరణం దగ్గర జీవం లేకుండా జరిగే చర్యలు కూడా అటువంటి పాళ్ళనే ఇవ్వగలవు. జీవానికి ఊతమిచ్చిన రసాయనమే జీవపు ఆనవాలును అనుకరిస్తుంది.

మన చర్చకు అన్నింటికంటే దగ్గరిది 2017 నాటి ప్రకటన. కెనడాలోని నువ్వుఆగిట్టుక్ శిలల్లో, కనీసం 377 కోట్ల సంవత్సరాల కిందటి సముద్రపు బుగ్గల దగ్గర, హెమటైట్ అనే ఇనుప ఖనిజపు గొట్టాలూ పోగులూ దొరికాయన్నారు. వాటిని పోల్చింది దేనితోనో తెలుసా? నేటి బుగ్గల దగ్గర ఇనుమును ఆక్సీకరించే బాక్టీరియా వదిలే పోగులతో, అంటే మీ ఊటలోని గాలియొనెల్లా వంటి వాటి పోగులతో. అభ్యంతరాలు రెండు వచ్చాయి. నేటి పోగులు కట్టే జీవులకు కాస్తయినా ఆక్సిజన్ కావాలి, ఆనాడు అది ఎక్కడిది? రెండవది, ఇనుప లవణాన్ని సోడియం సిలికేట్ ద్రావణంలో వేస్తే ఏ ప్రాణీ లేకుండానే అలాంటి గొట్టాలూ పోగులూ పెరుగుతాయని 2019లో చూపారు. బడిపిల్లలు గాజు బీకరులో పెంచే రసాయన తోట అదే.

సందేశం 14 · ఎండమడుగు

ఆదిశిల గారి మొదటి అభ్యంతరానికి చిన్న చేర్పు. ఇనుమును నైట్రేట్‌తో ఆక్సీకరించే బాక్టీరియా కూడా ఉంది కాబట్టి, ఆక్సిజన్ లేకపోవడం ఒక్కటే ఆ ప్రకటనను కొట్టివేయదు. నాకు గట్టిగా తోచేది రెండవదే.

సందేశం 15 · నల్లబల్ల

ఇన్ని రోజులు మౌనంగా ఉన్నందుకు మన్నించండి, మీరు చెప్పినవన్నీ చేసి చూసి రాయాలని ఆగాను.

పుల్లతో కదిపితే పొర గాజులాగే పగిలింది. ముక్కలు ముక్కలుగానే తేలుతూ ఒడ్డుకు చేరాయి. మడ్డిని తరగతికి తెచ్చి, పిల్లల ముందే సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ముందు తుప్పు గింజల గుంపు తప్ప ఏమీ కనబడలేదు. కాంతిని తగ్గించి, అంచు వైపు జరిపితే, మెలికలు తిరిగిన పోగులు ఒకదాని మీద ఒకటి పడి కనిపించాయి. మెలికల మధ్య దూరం పోగు పొడవునా ఇంచుమించు ఒకేలా ఉంది. ఎంత వెతికినా కొనన ఉండవలసిన చిక్కుడుగింజ కణం మాత్రం మాకు ఒక్కటీ దొరకలేదు, అన్నీ వదిలేసి పోయిన తాళ్ళే.

మరునాడు సోడియం సిలికేట్ ద్రావణంలో ఫెర్రస్ సల్ఫేట్ పలుకులు వేసి రసాయన తోట పెంచాం. దానిలోంచి సన్నని గొట్టం ముక్క ఒకటి తీసి, మొదటి పలక పక్కనే రెండవ పలక పెట్టాను. ఇదీ తుప్పు రంగుకే తిరుగుతోంది, ఇదీ పోగులాగే ఉంది. కాకపోతే కొన్ని చోట్ల ఉబ్బి, కొన్ని చోట్ల చీలి, మెలిక అనేది లేకుండా సాగింది. ఏ పలక ఏదో చెప్పకుండా పిల్లలను ఒక్కొక్కరినే చూడమన్నాను. ముప్పై నలుగురిలో ఇరవై ఆరుగురు సరిగ్గా చెప్పారు. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం రెండింటినీ చాలాసేపు చూసి, "ఈ మెలికలు నలిగి, కాలి, రాయిగా మారిపోయాక కూడా ఇలాగే కనబడతాయా, టీచర్?" అని అడిగింది. ఆదిశిల గారు చెప్పిన గ్రీన్‌లాండ్ రాతి సంగతి అప్పుడు చెప్పాను.

బల్ల మీది వాక్యాన్ని చెరిపి, "నేటి ఆహారపు గొలుసుల్లో చాలా వరకు సూర్యరశ్మితో మొదలవుతాయి, కొన్ని రాళ్ళు ఇచ్చే హైడ్రోజన్‌తో మొదలవుతాయి" అని రాశాను. వచ్చే వారం ఊట నీటిని మూతపెట్టిన సీసాలో ఒకటి, మూత తీసిన సీసాలో ఒకటి ఉంచి, ఏ సీసాలో, నీటిలో ఎంత లోతున నారింజ పొర కడుతుందో పిల్లలు రోజూ గీత పెట్టి కొలుస్తారు. ఆ కొలతలు ఇక్కడే రాస్తాను.